మిల్లు ఊరి ఫ్యామిలీ డాక్టర్ రాసిన గుండె లెక్క

నాడి కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక దెబ్బ తప్పితే ప్రమాదమా? పిల్లాడి నాడి కాసేపు వేగంగా, కాసేపు నిదానంగా నడిస్తే బడి మాన్పించి మంచాన పడుకోబెట్టాలా? గుండెలో ఏదో శబ్దం ఉందని డాక్టర్ అనగానే ఆ అమ్మాయికి పెళ్లి, కాన్పు అన్నీ మానుకోవాల్సిందేనా? నూట నలభై ఏళ్ల కిందట ఈ ప్రశ్నలకు పెద్దాసుపత్రుల ప్రొఫెసర్ల దగ్గర కూడా గట్టి జవాబు లేదు. భయపెట్టడం మాత్రం ఉండేది. జవాబు వెతికినవాడు ప్రొఫెసర్ కాదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో నూలు మిల్లులు, బొగ్గు గనుల మధ్య ఉన్న బర్న్‌లీ అనే ఊళ్లో ఇంటింటికీ తిరిగి జ్వరాలకు, కాన్పులకు, గాయాలకు వైద్యం చేసిన ఒక ఫ్యామిలీ డాక్టర్. ఆయనే సర్ జేమ్స్ మెకంజీ.

ఈరోజు మన చేతికి పెట్టుకునే వాచీ కూడా గుండె లయ తప్పిందని చెబుతోంది. ఆ లయ తప్పడంలో ఏది ఉత్తుత్తిది, ఏది నిజంగా పట్టించుకోవాల్సింది అన్న తేడా మొదట తేల్చిన వాళ్లలో మెకంజీ ముఖ్యుడు. అందుకు ఆయన వాడిన పెద్ద సాధనం యంత్రం కాదు, ఓపిక. ఒకే మనిషిని పదేళ్లు, ఇరవై ఏళ్లు చూస్తూ, చూసిన ప్రతిసారీ రాసి పెట్టుకోవడం.

చదువులో వెనకబడ్డ రైతుబిడ్డ

స్కాట్లండ్‌లో పెర్త్ దగ్గర స్కోన్ అనే ఊరు. అక్కడి రైతు కుటుంబంలో 1853 ఏప్రిల్ 12న జేమ్స్ పుట్టాడు. తమ్ముడు విలియం తర్వాత లాయరై, మంత్రి పదవి దాకా వెళ్లి లార్డ్ అమల్రీ అనిపించుకున్నాడు. అన్న జేమ్స్ మాత్రం బడిలో రాణించలేదు. బట్టీ పట్టడం ఆయన వల్ల కాలేదు. అప్పటి చదువంతా బట్టీయే. పదిహేనో ఏట బడి మానేసి పెర్త్‌లోని ఒక మందుల దుకాణంలో పనికి కుదిరాడు.

మందులు నూరుతూ, చీటీలు చదువుతూ నాలుగేళ్లు గడిపాక డాక్టర్ కావాలన్న కోరిక పుట్టింది. 1874లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి 1878లో పట్టా పుచ్చుకున్నాడు. కొంతకాలం ఆసుపత్రిలో పనిచేసి 1879లో బర్న్‌లీలో డాక్టర్ బ్రిగ్స్, డాక్టర్ బ్రౌన్ నడుపుతున్న ప్రాక్టీసులో మూడో డాక్టరుగా చేరాడు. చేరేటప్పుడు ఆయన ధీమా కొత్త డాక్టర్లందరిదీ. కాలేజీలో జబ్బుల పేర్లన్నీ నేర్చుకున్నాను, ఇక వచ్చిన రోగికి పేరు పెట్టడమే తరువాయి అన్నట్టు.

ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. ప్రాక్టీసుకు వచ్చేవాళ్లలో చాలామందికి పుస్తకంలో ఉన్న జబ్బు ఉండేది కాదు. కడుపులో మంట, నడుం నొప్పి, గుండె దడ, నీరసం... వాటికి ఏ పేరూ సరిగ్గా అతకదు. పేరు అతికినా, రోగి అడిగే అసలు ప్రశ్నకు అది జవాబు కాదు. నాకేమవుతుంది అన్నదే రోగి అడిగేది. ఈ రోజుకీ ఏ క్లినిక్‌లో కూర్చున్నా వినిపించే ప్రశ్న అదే.

ఒక కాన్పు, ఒక చావు

బర్న్‌లీకి వచ్చిన తొలి రోజుల్లోనే మెకంజీ ఒక గర్భిణికి కాన్పు చేయాల్సి వచ్చింది. ఆమెకు గుండె జబ్బు ఉంది. నొప్పులు పడుతుండగా గుండె చేతులెత్తేసింది. ఆయన కళ్ల ముందే ఆమె చనిపోయింది.

ఆ రోజుల్లో కాన్పులో ప్రాణం పోవడం వింత కాదు. ఆ చావును విధి మీదకు తోసేసి మర్చిపోయిన డాక్టర్లు ఎందరో ఉంటారు. మెకంజీ మర్చిపోలేదు. ఇది ముందే తెలుసుకోగలిగి ఉంటే తప్పించగలిగేవాడినా అన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. పుస్తకాలు తిరగేశాడు. గర్భం వచ్చాక గుండె మీద ఎంత భారం పడుతుంది, ఏ గుండె ఆ భారం మోస్తుంది, ఏది మోయలేదు అని చెప్పిన పుస్తకం ఆయనకు దొరకలేదు. గుండెలో శబ్దం వినిపిస్తే జబ్బు అనేవాళ్లు, నాడి క్రమం తప్పితే జబ్బు అనేవాళ్లు. శబ్దం ఉన్న నలుగురు ఆడవాళ్లలో ముగ్గురు హాయిగా పిల్లల్ని కని తిరుగుతుంటే నాలుగో ఆమె ఎందుకు పోయింది? అది ఎవరూ చెప్పలేదు.

సరే, చూసి నేర్చుకుందాం అనుకున్నాడు. తన దగ్గరకు వచ్చే గర్భిణులందరి నాడి, మెడ సిరల కదలిక, ఆయాసం, గుండె శబ్దం అన్నీ నెలనెలా రాయడం మొదలుపెట్టాడు. ఆ పని గర్భిణులతో ఆగక ప్రాక్టీసులోని గుండె రోగులందరికీ పాకింది.

ఇక్కడే ఫ్యామిలీ డాక్టర్‌కు పెద్దాసుపత్రి డాక్టర్ కంటే ఒక మెట్టు ఎక్కువ అవకాశం ఉందని ఆయనకు తట్టింది. ఆసుపత్రి వార్డులో రోగి కనిపించేది జబ్బు ముదిరాక, అదీ రెండు మూడు వారాలు. వీధిలోని డాక్టర్‌కు జబ్బు మొదలవకముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో తెలుసు, మొదలైనప్పుడు తెలుసు, ఇరవై ఏళ్ల తర్వాత ఏమైందో కూడా తెలుసు. బర్న్‌లీలో మెకంజీ 28 ఏళ్లు ఉన్నాడు. తను కాన్పు చేసిన పిల్లల పెళ్లిళ్లు చూసేంత కాలం అది.

గడియారాలు బాగుచేసే మనిషి సాయం

వేలితో నాడి పట్టి చూస్తే లయ తప్పిందని తెలుస్తుంది. ఎందుకు తప్పిందో తెలియదు. గుండెలో పై గదులు, కింది గదులు ఉంటాయి. మామూలుగా పై గదులు ముందు ముడుచుకుంటాయి, వెంటనే కింది గదులు. మణికట్టు దగ్గర తగిలే దెబ్బ కింది గది పనితనం మాత్రమే. మరి పై గది ఏం చేస్తోంది? దాని జాడ మెడ సిరలో దొరుకుతుంది. గుండె ముడుచుకున్నప్పుడల్లా మెడ సిరలో చిన్న అలలు లేస్తాయి. సన్నగా ఉన్నవాళ్లు పడుకున్నప్పుడు కంటికి కూడా కనిపిస్తాయి.

మెడ అలను, మణికట్టు నాడిని ఒకే కాగితం మీద, ఒకే సమయంలో గీయగలిగితే పై గది ఎప్పుడు కొట్టింది, కింది గది ఎప్పుడు కొట్టింది అని పోల్చవచ్చు. అప్పటికే ఉన్న నాడి యంత్రానికి రబ్బరు గొట్టం, చిన్న గిన్నె తగిలించి మెకంజీ ఆ పని మొదలుపెట్టాడు. మొదట్లో మసి పట్టించిన కాగితం ముక్క మీద గీతలు పడేవి. కాగితం పొట్టి, కొద్ది దెబ్బలకే అయిపోయేది. పక్కనే ఉన్న పాడిహామ్ అనే ఊళ్లో గడియారాలు బాగుచేసే షా అనే పనివాడితో కలిసి, సిరాతో పొడవాటి కాగితం చుట్ట మీద గీసే యంత్రం చేయించాడు. దాన్ని పాలీగ్రాఫ్ అన్నారు. సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, మంచం పక్కన పెట్టి వాడుకోవచ్చు.

మెడ సిరలోని అలలకు ఆయన పెట్టిన ఏ, సీ, వీ అనే అక్షరాలను మెడికల్ కాలేజీల్లో ఇప్పటికీ నేర్పుతున్నారు. వీటిలో ‘ఏ’ అల పై గదిది. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

పొద్దంతా రోగుల్ని చూసి, రాత్రి కాన్పులకు పరిగెత్తి, మధ్యలో ఈ కాగితాలు. ఆ రోజుల్లో ఈ పనికి జీతం లేదు, గ్రాంటు లేదు, చేయమని అడిగిన వాళ్లూ లేరు.

భయపడనక్కర్లేని దెబ్బ

ఏళ్ల తరబడి పేరుకున్న ఆ కాగితాల్లో మొదట తేలింది మంచి కబురు. నాడి తప్పడం అంటే ఒకటే రకం కాదు.

పిల్లల్లో, పడుచువాళ్లలో గాలి పీల్చినప్పుడు నాడి కాస్త వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నిదానిస్తుంది. ఇది జబ్బు కాదు, ఆరోగ్యమే. కానీ దీన్నే జబ్బనుకుని పిల్లల్ని నెలల తరబడి మంచాన కట్టిపడేసిన ఇళ్లు ఆ కాలంలో ఉన్నాయి. రెండోది, మధ్యలో ఒక దెబ్బ ముందుగా పడి తర్వాత కాస్త ఆగినట్టుండటం. గుండె ఒక్క క్షణం ఆగిపోయి మళ్లీ ధభీమని కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఈ అదనపు దెబ్బలున్న వాళ్లను మెకంజీ ఏళ్లకు ఏళ్లు గమనించాడు. వేరే గుండె జబ్బేమీ లేనివాళ్లు మామూలుగా మిల్లుకు వెళ్తున్నారు, గనిలో దిగుతున్నారు, ముసలివాళ్లవుతున్నారు. వాళ్లకు అసలు జబ్బు డాక్టర్ పెట్టిన భయమేనని ఆయన గట్టిగా చెప్పాడు.

ఈ మాట ఇప్పటి వైద్యం కూడా చాలావరకు ఒప్పుకుంటుంది, ఒక సవరణతో. అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పినట్టనిపించడం ఎక్కువమందిలో ప్రమాదం కాదు. నిద్ర లేకపోవడం, కాఫీ మోతాదు మించడం, సిగరెట్, ఆందోళన, రక్తహీనత, థైరాయిడ్ దీన్ని పెంచుతాయి. అయితే దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, అదనపు దెబ్బలు రోజంతా విడవకుండా వస్తున్నా ఈసీజీ, ఎకో తీయించాల్సిందే. ఆ పరీక్షలు మెకంజీకి లేవు, మనకున్నాయి.

ఇంట్లో నాడి చూసుకోవడం కష్టం కాదు. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టండి. కూర్చుని ఉన్నప్పుడు పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. ఒకటి రెండు దెబ్బలు తప్పి మళ్లీ తాళంలో పడితే ఒక సంగతి. అసలు తాళమే లేకుండా, ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే ఎడం లేకుండా కొట్టుకుంటుంటే అది వేరే సంగతి. మెకంజీకి పేరు తెచ్చింది ఈ రెండో రకమే.

మాయమైన అల

1880 నుంచి తన దగ్గరకు వస్తున్న ఒక మహిళ ఉంది. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల ఆమె గుండెలో పై గదికి, కింది గదికి మధ్య ఉన్న కవాటం ఇరుకైపోయింది. ఆమె మెడ అలల కాగితాలు మెకంజీ దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాయి. 1890ల చివర్లో ఒకనాడు ఆమె నాడి పూర్తిగా తాళం తప్పింది. కాగితం తీసి పాతవాటితో పోల్చాడు. ‘ఏ’ అల లేదు. పై గది ముడుచుకునేటప్పుడు వినిపించే గుండె శబ్దం కూడా పోయింది.

పాత కాగితాలు లేకపోతే లేనిది ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కసారి చూసిన స్పెషలిస్టుకు ఆ కాగితం మీద ఏ తేడా కనిపించి ఉండేది? ఉన్నది పోయిందని చెప్పాలంటే ఉన్నప్పుడు చూసి ఉండాలి.

పై గది పనిచేయడం మానేసిందని ఆయన గ్రహించాడు. దానికి పెట్టిన కారణం మాత్రం పొరపాటు. మొదట పై గదికి పక్షవాతం వచ్చిందనుకున్నాడు. ఆ తర్వాత దెబ్బ మొదలయ్యే చోటు మారిందనుకున్నాడు. 1909లో లండన్‌లో థామస్ లూయిస్, అప్పుడే వచ్చిన ఈసీజీ యంత్రంతో అసలు సంగతి తేల్చాడు. పై గది ఆగిపోలేదు, ముడుచుకోకుండా గజగజ వణుకుతోంది. అదే ఇప్పుడు మనం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటున్నది. లూయిస్‌ను గుండె మీద పనికి ప్రోత్సహించిన వాళ్లలో మెకంజీ ఒకడు. తన మాట తప్పని తేల్చిన కుర్రవాడితో కలిసి పనిచేయడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు.

కారణం తప్పినా వైద్యం తప్పలేదు. డిజిటాలిస్ ఆకు మందు గుండె నీరుకు పనిచేస్తుందని 1785లోనే విలియం విదరింగ్ రాశాడు. కానీ ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్నది గజిబిజిగా ఉండేది. వేగంగా, తాళం లేకుండా కొట్టుకునే నాడి ఉన్న ఈ రోగుల్లో ఆ మందు నాడిని నిదానపరిచి, ఆయాసం తగ్గించి, లేవలేని వాళ్లను లేపి కూర్చోబెడుతుందని మెకంజీ చూపించాడు. మిగతా చాలామందిలో అంత గుణం కనిపించలేదు. మందు పట్టిందని నాడి నిదానించేదాకా, లేదా వికారం మొదలయ్యేదాకా ఇచ్చి, అక్కడ ఆపేవాడు.

ఆ మందు వారసురాలైన డిగాక్సిన్ ఇప్పటికీ మన మందుల షాపుల్లో ఉంది. నాడి వేగం తగ్గించడానికి నేడు సాధారణంగా ముందు వేరే మాత్రలు రాస్తారు. డిగాక్సిన్ అవసరమైన చోట తక్కువ మోతాదులో వాడతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇది వాడుతుంటే ఆకలి చచ్చిపోవడం, వికారం, చూపు పసుపుపచ్చగా మారడం, నాడి మరీ నిదానించడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కిడ్నీ పనితనం తగ్గితే ఈ మందు ఒంట్లో పేరుకుంటుంది. మెకంజీ వికారాన్ని మోతాదుకు కొలబద్దగా వాడుకున్నాడు. మనం అది రాకముందే జాగ్రత్తపడుతున్నాం.

ఇంకో సంగతి ఆయన కాలంలో అంతగా పట్టనిది. వణికే పై గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. అందుకే చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. కొత్తరకం మాత్రలకు నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదు కాబట్టి వాటికి మారదామని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చాలామంది రోగుల్లో అది సబబే. అయితే కీళ్లవాతం జ్వరం వల్ల కవాటం దెబ్బతిన్న వాళ్ల సంగతి వేరు. 24 దేశాల్లో సుమారు 4,500 మంది మీద చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. అలాంటి రోగుల్లో కొత్తరకం మాత్ర రివరాక్సబాన్ కంటే పాతరకం వార్ఫరిన్ జాతి మందులే మేలని, వాటితో మరణాలు తక్కువని తేలింది. మన దగ్గర ఎక్కువగా రాసే అసెనోకూమరాల్ కూడా ఆ జాతిదే. ఐఎన్ఆర్ పరీక్ష విసుగే. అయినా పక్కింటివాళ్లు మార్చుకున్నారని మీరు మార్చుకోకండి. మీ కవాటం సంగతి మీ డాక్టర్‌ను అడగండి.

ఆ గర్భిణి ప్రశ్నకు జవాబు

ఆ కాన్పు జరిగిన నలభై ఏళ్లకు, 1921లో మెకంజీ గుండె జబ్బు, గర్భం గురించి విడిగా ఒక పుస్తకం వేశాడు. దాని సారాంశం సూటిగా ఉంటుంది. గుండెలో శబ్దం వినిపించడం ఒక్కటే కొలత కాదు. ఆ మనిషి ఎంత పని చేయగలుగుతోంది, ఎంత నడిస్తే ఆయాసం వస్తోంది, పడుకుంటే ఊపిరి ఆడుతోందా, నాడి తాళంలో ఉందా అన్నదే చూడాలి. శబ్దం ఉన్నా హాయిగా పని చేసుకునే అమ్మాయికి తల్లి కావద్దని చెప్పడం అన్యాయం. కవాటం ఇరుకై ఆయాసపడే అమ్మాయిని ఏమీ కాదులెమ్మని పంపడం అంతకంటే ప్రమాదం.

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఇరుకు కవాటం అంత రక్తాన్ని దాటించలేకపోతే అది ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. నొప్పులప్పుడు, కాన్పయిన వెంటనే ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. బర్న్‌లీ అమ్మాయిని బలిగొన్నది ఇలాంటి గుండే. ఇంగ్లండ్‌లో ఆ జబ్బు ఇప్పుడు అరుదు. మన దేశంలో అరుదు కాదు. కాన్పు ముందు పరీక్షల్లో మొదటిసారిగా కవాటం జబ్బు బయటపడే అమ్మాయిలు మన ప్రసూతి వార్డుల్లో నేటికీ ఉన్నారు. నెలలు నిండేకొద్దీ కొంత ఆయాసం మామూలే కానీ, రెండు దిండ్లు వేసుకుంటే తప్ప పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, దగ్గులో రక్తపు జీర మామూలు కావు. కడుపుతో ఉంటే అంతేనమ్మా అని సర్దిచెప్పే అత్తలు, అమ్మలు ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోవాలి. ఎకో గర్భిణులకు సురక్షితం. ఇరుకు కవాటాన్ని అవసరమైతే గర్భంతో ఉండగానే బెలూన్‌తో వెడల్పు చేయగలుగుతున్నారు.

ఈ జబ్బు మొదలు ఎక్కడో తెలుసు కదా. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పి, దాని తర్వాత కీళ్లవాతం జ్వరం. ఒకసారి ఆ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయిస్తే కవాటం మళ్లీ దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. బాగానే ఉన్నాడు కదా అని మధ్యలో మానేయడమే కొంప ముంచుతుంది.

లండన్‌లో కొత్త డాక్టర్, పాత డాక్టర్

1902లో నాడి మీద తన పుస్తకం వేశాక మెకంజీ పేరు యూరప్ గుండె పరిశోధకులకు తెలిసింది. నెదర్లాండ్స్‌కు చెందిన వెంకెబాఖ్ లాంటివారు ఆయన పనిని మెచ్చారు. సొంత దేశంలో పెద్ద డాక్టర్లకు మాత్రం మిల్లు ఊరి జనరల్ ప్రాక్టీషనర్ చెప్పింది వినాలా అన్న చిన్నచూపు ఉండేది. 54వ ఏట, 1907లో ఆయన బర్న్‌లీ వదిలి లండన్ చేరాడు. తొలి రోజుల్లో గది ఖాళీగానే ఉండేది. 1908లో గుండె జబ్బుల మీద రాసిన పెద్ద పుస్తకంతో పరిస్థితి తిరిగింది. 1913లో లండన్ హాస్పిటల్‌లో గుండె విభాగం ఆయన చేతికొచ్చింది. 1915లో సర్ బిరుదు, రాయల్ సొసైటీ సభ్యత్వం రెండూ వచ్చాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో దడ, ఆయాసం, నీరసంతో వేలమంది సైనికులు గుండె రోగులన్న ముద్రతో వెనక్కి వచ్చారు. హాంప్‌స్టెడ్‌లో వాళ్లకోసం పెట్టిన ఆసుపత్రిలో మెకంజీ, లూయిస్ తదితరులు పరీక్షిస్తే ఎక్కువమందికి గుండె బాగానే ఉంది. మంచానికి అతుక్కోబెట్టడం మాని క్రమంగా వ్యాయామం పెంచుతూ పోతే ఎందరో మళ్లీ పనిలో పడ్డారు. బర్న్‌లీ పిల్లల సంగతే పెద్ద ఎత్తున మళ్లీ రుజువైంది.

ఊరి డాక్టర్లంతా ఒక బల్ల చుట్టూ

లండన్‌లో డబ్బు, పేరు పుష్కలంగా ఉండగా 1918లో ఆయన అన్నీ వదిలేసి స్కాట్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లిపోయాడు. నా లెక్కలో ఆయన జీవితంలో అన్నిటికంటే సాహసం ఇదే.

1919లో అక్కడ ఒక పరిశోధన సంస్థ పెట్టాడు. అందులో పరిశోధకులెవరనుకున్నారు? ఆ ఊళ్లో ప్రాక్టీసు చేసే ఫ్యామిలీ డాక్టర్లే. తమ రోగుల్ని తెచ్చి కలిసి చూడటం, ఒకే పద్ధతిలో రాసి పెట్టడం, క్రమం తప్పకుండా కూర్చుని ఒక్కో లక్షణం ఎందుకు పుడుతుందో చర్చించడం. ప్రయోగశాల, ఎక్స్‌రే నిపుణులు పక్కన ఉండి సాయపడేవారు. జబ్బు ముదిరి ఆసుపత్రికి చేరాక కాదు, మొదటి చిన్న నొప్పి దగ్గరే దాన్ని పట్టుకోవాలని, ఆ అవకాశం ఊరి డాక్టర్‌కే ఉందని ఆయన పట్టుదల. ఇవాళ ఫ్యామిలీ డాక్టర్లకు శిక్షణ తరగతులు, కొత్త మార్గదర్శకాలు, నర్సు నుంచి ఫార్మసిస్టు దాకా ఒక జట్టుగా పనిచేయడం అన్నీ మామూలు మాటలయ్యాయి. నూరేళ్ల కిందట జనరల్ ప్రాక్టీషనర్ కూడా నేర్చుకోవాల్సిన, నేర్పగల మనిషి అనడమే కొత్త.

ప్రయోగం అనుకున్నంత ఫలించలేదు. ఒక చిన్న ఊళ్లో రోగులు తక్కువ. లక్షణాల వెనక సూత్రాలు తేలాలంటే దశాబ్దాలు కావాలి, ఆయన దగ్గర అంత సమయం లేదు. పైగా వయసు పెరిగేకొద్దీ యంత్రాల మీద అపనమ్మకం ముదిరింది. పాలీగ్రాఫ్ చేయించిన మనిషే ఈసీజీని మనస్ఫూర్తిగా అక్కున చేర్చుకోలేకపోయాడు. కళ్లు, చెవులు, వేళ్లు చేయాల్సిన పని యంత్రం మీద వదిలేస్తారని ఆయన దిగులు. అందులో నిజం లేకపోలేదు కానీ, ఈసీజీ విషయంలో చరిత్ర లూయిస్ పక్షానే నిలిచింది. మెకంజీ పోయాక సంస్థ కొంతకాలం నడిచి మూతపడింది. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్లకు సొంత కాలేజీ 1952లో వచ్చింది. అది ఏటా ఇప్పించే ముఖ్య ప్రసంగానికి పెట్టుకున్న పేరు జేమ్స్ మెకంజీదే.

మన ఇళ్లలో ఒకప్పుడు ఫ్యామిలీ డాక్టర్ ఉండేవాడు. తాత బీపీ, నాన్న షుగర్, మనవడి ఉబ్బసం అన్నీ ఆయన నోటికి తెలుసు. ఇప్పుడు మోకాలికి ఒక ఆసుపత్రి, గుండెకు ఇంకొకటి. డాక్టర్ మారిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ఎవరి దగ్గరకు వెళ్లినా పాత ఈసీజీ ఒకటి చేతిలో ఉంటే, కొత్తదాంట్లో కనిపించిన తేడా నిన్నటిదా, పదేళ్ల నాటిదా అన్నది అరనిమిషంలో తేలిపోతుంది. లేకపోతే రాత్రికి ఐసీయూలో ఉండాల్సి రావచ్చు. ఈసీజీ కాగితం మీద అచ్చు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది కాబట్టి ఫొటో తీసి తేదీతో ఫోన్‌లో దాచండి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, ఏ మందు పడలేదు, ఆపరేషన్లు ఏవి... ఇవన్నీ ఒక్క పుటలో రాసి ఫైలు ముందు పెట్టండి. సాధ్యమైతే ఇంటికి దగ్గర్లో ఒక ఎంబీబీఎస్ లేదా ఎండీ డాక్టర్‌ను అందరికీ ఒకరినే పెట్టుకోండి.

తన గుండె కూడా ఒక కేసే

యాభయ్యో పడిలో మెకంజీకి తన ఛాతీలోనే నొప్పి మొదలైంది. నడిచినా, మెట్లెక్కినా గుండెను పట్టేసేది. ఏమిటో ఆయనకు తెలుసు. అందరు రోగుల్లాగే తనకూ కేసు రాసుకున్నాడు. ఎంత నడిస్తే వచ్చింది, ఎక్కడికి పాకింది, ఎంతసేపు ఉంది. 1923లో గుండెపోటు నొప్పి మీద వేసిన పుస్తకంలో పేరు లేకుండా ఒక కేసుగా తన కథే పెట్టాడు.

నొప్పి ముదిరాక వైద్యం కోసం సెయింట్ ఆండ్రూస్ వదిలి మళ్లీ లండన్ రావాల్సి వచ్చింది. 1925 జనవరి 26న, 71వ ఏట అక్కడే కన్నుమూశాడు. చనిపోయాక తన గుండెను తీసి పరీక్షించాలని ముందే కోరాడు. తన దగ్గర పనిచేసిన జాన్ పార్కిన్‌సన్ ఆ పని చేశాడు. గుండెకు రక్తం అందించే నాళాలు సన్నబడి ఉన్నాయి, కండరంలో పాత గాయాల మచ్చలున్నాయి. ఆ గుండెను సెయింట్ ఆండ్రూస్‌కు పంపారు. అక్కడి శరీర నిర్మాణ శాస్త్ర ప్రొఫెసర్ వాటర్‌స్టన్ దాన్ని వివరంగా పరిశీలించి, మెకంజీ బతికుండగా రాసుకున్న లక్షణాల పక్కన పెట్టి పోల్చి, 1939లో వైద్య పత్రికలో ప్రచురించాడు.